దోనెలో చోటు, చేతికి తెడ్డు

వాక్యభాగాలు: మార్కు 6:45–52, యెషయా 56:3–5, అపొస్తలుల కార్యములు 8:26–39

వేంపల్లెలో పుట్టి పెరిగినవాళ్లలో తెడ్డు పట్టినవాళ్లు అరుదు. మన పాపాఘ్ని కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, గండిలో కొండను చీల్చుకుని, కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు కనిపించేది ఇసుకే. చెలమ తవ్వి నీళ్లు తోడుకునే ఏరు అది, పడవ దించే ఏరు కాదు. వస్తే మాత్రం 2021 నవంబరులో వచ్చినట్టు వస్తుంది. ఆ వరదకు కమలాపురం దగ్గర వంతెనే కూలిపోయింది. అందుకేనేమో, మార్కు సువార్త ఆరో అధ్యాయంలోని ఆ రాత్రిని చదివేటప్పుడు మనం నీళ్ల మీద నడిచొచ్చిన ప్రభువు దగ్గరికి తొందరగా వెళ్లిపోతాం. దానికి ముందున్న సంగతి దగ్గర ఆగం. శిష్యులు ఎదురుగాలిలో తెడ్లు వేసి వేసి అలసిపోతున్నారు. ఆయన ఒడ్డున ఒంటరిగా ఉండి వాళ్ల కష్టాన్ని చూశాడు. నాలుగో జాము దాకా వాళ్లు ఆ గాలితో పెనుగులాడారు. ఈ పూట ఆ తెడ్ల దగ్గర కాసేపు కూర్చుందాం.

అప్పటి దోనె ఎలా ఉండేదో మనకు కొంత తెలుసు. 1986లో వానలు లేక గలిలయ సరస్సు వెనక్కి తగ్గింది. గిన్నోసార్ దగ్గర జాలరులైన ఇద్దరు అన్నదమ్ములకు బురదలో ఒక పాత పడవ ఆనవాలు కనిపించింది. అది దాదాపు యేసు కాలం నాటిదని పరిశోధకులు తేల్చారు. పొడవు 8 మీటర్ల పైచిలుకు. దేవదారు, సింధూరం ఎక్కువగా వాడారు. అతుకులకు మాత్రం ఏది దొరికితే అది. మొత్తం కలిపితే పది పన్నెండు రకాల కలప ఆ ఒక్క దోనెలో ఉంది. పాత పడవల నుంచి ఊడదీసిన ముక్కలు కూడా అందులో ఉన్నాయి. కొత్త కలప కొనలేని మనుషులు దాన్ని మళ్లీ మళ్లీ బాగుచేసుకుంటూ నీటి మీద నిలబెట్టారు. కరువు సీమ మనిషిగా నాకు ఈ సంగతి చాలా ఇష్టం. ఆ దోనెను బయటపెట్టింది కరువే.

ఇక కాస్త దూరం పోదాం. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో అనకోస్టియా అనే నది ఉంది. ఆ నగరపు మురుగును చాలా ఏళ్లు మోసింది, నగరం మరచిపోయిన నది అనిపించుకుంది. దాని మీద సాధన చేసే తెడ్డు పడవల క్లబ్బు ఒకటి 1991లో పుట్టింది. పేరు డీసీ స్ట్రోక్స్. పెట్టుకున్నవాళ్లు స్వలింగ ప్రేమికులైన స్త్రీ పురుషులు. ఎయిడ్స్ వాళ్ల స్నేహితులను ఒక్కొక్కరినీ తీసుకుపోతున్న కాలం అది. మిగతా ఆటస్థలాల్లో తామెవరో దాచుకుని ఆడాల్సి వచ్చేది. అంతకు ముందే, 1982లో, శాన్ ఫ్రాన్సిస్కోలో టామ్ వాడెల్ అనే వైద్యుడు ఇలాంటివాళ్లందరి కోసం గే గేమ్స్ మొదలుపెట్టాడు. 1968 మెక్సికో ఒలింపిక్స్ డెకాథ్లాన్‌లో ఆరో స్థానం తెచ్చుకున్న ఆటగాడాయన. 1987లో ఎయిడ్స్‌తోనే చనిపోయాడు. ఆయన మొదలుపెట్టిన ఆటలు 2023 నవంబరులో హాంకాంగ్‌కు వచ్చాయి, ఆసియాలో అదే మొదటిసారి.

అలాంటి క్లబ్బులో ఒక ఏడాది ఎలా గడుస్తుందో చెప్పాలి. చలికాలంలో నది మీదికి పోవడం కష్టం. నాలుగు గోడల మధ్య తెడ్డు యంత్రం మీద కూర్చుని చెమట కార్చాలి. అక్కడ ఎవరి బలం వాళ్లదే. చలి తగ్గగానే కొత్తవాళ్లకు శిక్షణ మొదలవుతుంది. తెడ్డు వేయడం కన్నా ముందు పడవ మోయడం నేర్చుకోవాలి. ఎనిమిది మంది తెడ్లు వేసే పడవ 17 మీటర్లకు పైనే ఉంటుంది. పోటీ పడవ బరువు 96 కిలోలకు తగ్గకూడదని అంతర్జాతీయ నియమం. దాన్ని ఒక్క కేకకు అందరూ కలిసి ఎత్తి, భుజాల మీద మోసుకెళ్లి, నీళ్లలో దించాలి. పొడుగువాళ్లు కాస్త వంగాలి, పొట్టివాళ్లు చేతులు చాచాలి.

ఆ పడవలో మనిషికి ఒక్కటే తెడ్డు. నాలుగు తెడ్లు ఒక పక్క, నాలుగు మరో పక్క. తొమ్మిదో మనిషిని కాక్స్ అంటారు. ఆ మనిషి చేతిలో తెడ్డు ఉండదు, చుక్కాని ఉంటుంది. ముందున్న దారి కనిపించేది ఆ ఒక్కరికే. మిగతా ఎనిమిది మంది పోవాల్సిన చోటికి వీపు పెట్టి కూర్చుంటారు. తాము దాటి వచ్చిన నీళ్లే వాళ్లకు కనిపిస్తాయి. పడవ సన్నం కాబట్టి ఒకరి చెయ్యి కాస్త దిగినా అందరూ ఒరుగుతారు. ఒకరి తెడ్డు క్షణం ఆలస్యమైతే నీళ్లు దాన్ని పట్టేసుకుంటాయి, పిడి వచ్చి కడుపులో గుద్దుతుంది, పడవంతా అదిరి వేగం చస్తుంది. అప్పుడు తిట్టుకుంటూ కూర్చుంటే పనికాదు. మళ్లీ అందరూ కలిసి మొదటి తెడ్డు వేయాల్సిందే.

వేసవి మొదట్లో పందేలు జరుగుతాయి. డీసీ స్ట్రోక్స్ నడిపే పందెం పేరు స్టోన్‌వాల్ రెగట్టా. 1969 జూన్ 28న న్యూయార్క్‌లో స్టోన్‌వాల్ ఇన్ అనే చోట పోలీసులు దాడి చేస్తే, అక్కడున్నవాళ్లు ఇక పడబోమని తిరగబడ్డారు. దాని జ్ఞాపకంగా పెట్టిన పేరు అది. ఆకురాలే కాలం వచ్చాక ఐదు కిలోమీటర్ల దాకా సాగే దూరపు పందేలు. ఆ తర్వాత మళ్లీ చలి, మళ్లీ యంత్రం.

ఈ ఏడాదంతటిలో నన్ను పట్టుకున్నది ఒక్క సంగతి. ఆ పడవలో ఎవరినీ ఎవరూ పెద్ద మనసుతో భరించడం లేదు. నాలుగో చోటు ఖాళీగా ఉంటే పడవ తిన్నగా పోదు. ఆ మనిషి ఎవరిని ప్రేమిస్తాడు, పుట్టినప్పుడు ఆడా మగా అన్నవి పక్కకు పోతాయి. అక్కడ ఆ మనిషి అవసరం. ఎవరిమీదో జాలిపడి ఇచ్చిన చోటు కాదది.

మన సంఘాల్లో మనసున్నవాళ్లు కూడా ఇలాంటివాళ్లకు ఇంతకన్నా తక్కువే ఇస్తున్నారు. "రానీలేబ్బా, వెనకాల కూర్చుంటారు" అంటారు. ఆ మాటలో దయ ఉంది, కాదనను. కానీ వెనక కూర్చోబెట్టిన మనిషి చేతికి తెడ్డు ఎవరిస్తారు? పాట ఎత్తుకోమని, వాక్యం చదవమని, జబ్బుపడిన ఇంటికి ప్రార్థనకు తోడు రమ్మని ఎవరు పిలుస్తారు? రైలు పెట్టెలో, అంగడి ముందు హిజ్రాలు చేయి చాపితే పదో ఇరవయ్యో ఇచ్చి, మన పిల్లల తల మీద చెయ్యి పెట్టించుకుని దీవెన తీసుకుంటాం. అదే మనిషి అద్దెకు గది అడిగితే తలుపు వేస్తాం. ఈ పని చేసేవాళ్లలో మన విశ్వాసులూ ఉన్నారు.

యెషయా 56వ అధ్యాయం తెరవండి. తాను ఎండిపోయిన చెట్టునని షండుడు అనుకోకూడదని దేవుడు అక్కడ చెప్పిస్తాడు. ఈ మాట పులివెందుల, వేంపల్లె రైతుకు విడమరచి చెప్పనక్కర్లేదు. బోరు ఎండిపోయాక చీనీతోట ఎట్లుంటుందో మనం చూశాం. బిడ్డల్లా సాకిన చెట్లను కట్టెలకు కొట్టించినవాళ్లు మన మధ్య ఉన్నారు. ఇక కాయదు అని జనం తేల్చేసిన చెట్టుకు దేవుడు తన ఇంట్లో, తన ప్రాకారాల్లో చోటిస్తానంటున్నాడు. కొడుకులూ కూతుళ్లూ ఉండడం కన్నా శ్రేష్ఠమైన, ఎన్నటికీ చెరగని పేరు పెడతానంటున్నాడు. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం ఇలాంటివాళ్లనే సమాజంలో చేరనివ్వలేదు. ఆ తలుపు తీసినవాడు మనిషి కాదు, దేవుడే.

పేరు పెట్టడం మనుషులూ చేశారు, వేరే విధంగా. నిజాం రాజ్యంలో 1919 నాటి చట్టం ఒకటి షండుల పేర్లు రాయడానికి రిజిస్టరు పెట్టించింది. ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకునే అధికారం పోలీసులకు ఇచ్చింది. వందేళ్లు దాటాక, 2023 జులైలో, తెలంగాణ హైకోర్టు ఆ చట్టం రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. వైజయంతి వసంత మొగ్లి లాంటివాళ్లు కోర్టుకెక్కి అడిగితేనే అది జరిగింది. మనుషులు అనుమానితుల పట్టీలో ఎక్కించిన పేర్లు అవి. అలాంటివాళ్లకే దేవుడు తన ఇంట్లో చెరగని పేరు పెడతానన్నాడు.

గాజాకు పోయే ఎడారి దారిలో ఐతియొపీయుడైన షండుడు రథం మీద కూర్చుని చదువుతున్నది ఈ యెషయా గ్రంథాన్నే, 53వ అధ్యాయాన్ని. ఇంకో మూడు అధ్యాయాలు దాటితే తన గురించిన వాగ్దానం ఉంది. ఆ షండుడు పిలిస్తే సువార్తికుడు ఫిలిప్పు రథమెక్కి ఆయన పక్కన కూర్చున్నాడు. ఎడారి దారిలో నీళ్లు కనిపించగానే, బాప్తిస్మం తీసుకోవడానికి నాకేమి అడ్డమని ఆ మనిషి అడిగాడు. ఫిలిప్పు ఏ అడ్డమూ చెప్పలేదు. ఇద్దరూ నీళ్లలోకి దిగారు.

మన కాలంలో ఆ ప్రశ్న అడిగినవాళ్లలో ఒక పరుగు పందెగత్తె ఉంది. ద్యుతీ చంద్ ఒడిశా బిడ్డ, సాధన చేసింది హైదరాబాద్‌లో, మన నాగపురి రమేశ్ దగ్గర. ఒంట్లో హార్మోను ఎక్కువుందని 2014లో ఆమెను పరుగుకు దూరం పెట్టారు. ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్లింది. ఆమెను దూరం పెట్టిన నియమాన్ని నిలిపేస్తూ 2015 జులైలో తీర్పు వచ్చింది. 2019లో తాను ఒక స్త్రీని ప్రేమిస్తున్నానని దేశానికంతటికీ చెప్పింది. అంత ధైర్యం పందెంలో గెలిచిన పతకాలకన్నా బరువైనదని నేను నమ్ముతాను.

బైబిల్లోని షండుడూ, నేటి ట్రాన్స్ మనిషీ, స్వలింగ ప్రేమికులూ ఒకటేనని నేను అనడం లేదు. ఈ సంగతుల్లో సంఘాలు ఇంకా వాదించుకుంటున్నాయి. భారత జాతీయ సంఘాల సమాఖ్యలో దీని మీద మాట్లాడుకోవడానికి ప్రత్యేకంగా ఒక వేదికే ఉంది. మన పెద్దలు వేసే ప్రశ్నలను తేలిగ్గా తీసేయకూడదు. కానీ వాదన తేలేదాకా మనిషిని ఒడ్డున నిలబెట్టే హక్కు మనకు లేదు. మార్కు ఆ రాత్రి కథను ఎలా ముగించాడో చూడండి. శిష్యులకు అప్పటికీ అర్థం కాలేదట, వాళ్ల గుండెలు ఇంకా బండబారే ఉన్నాయట. అయినా ప్రభువు దోనె ఎక్కేశాడు. గాలి అణగింది. వాళ్లకు అర్థమయ్యేదాకా ఆయన నీళ్ల మీద ఎదురుచూడలేదు.

ఇంకొకటి మరచిపోకూడదు. 1822లో లండన్ మిషనరీ సొసైటీవాళ్లు కడపలో పని మొదలుపెట్టారు. ఆ తర్వాతి తరాల్లో యేసు పేరు పట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది ఊరి బావిలో చేద వేయనివ్వని మాలపల్లెల, మాదిగపల్లెల జనం. నీళ్ల దగ్గర నిలబెట్టి, నువ్వు ముట్టొద్దని చెప్పించుకున్నవాళ్ల మనవళ్లం మనం. నాకేమి అడ్డం అని ముందుగా అడిగింది మన అవ్వతాతలే. ఆ ప్రశ్న ఇంకొకరి నోట విన్నప్పుడు ముఖం తిప్పుకుంటే, మన అవ్వతాతలను మనమే కాదన్నట్టు.

ప్రార్థన: ప్రభువా, చీకట్లో తెడ్లు వేసేవాళ్ల కష్టం చూసేవాడా, మేము ఒడ్డున వదిలేసినవాళ్లనూ నువ్వు చూస్తున్నావు. ఇంట్లోంచి వెళ్లగొట్టించుకున్న బిడ్డలను, పెళ్లి పేరుతో నోరు నొక్కించుకున్న కూతుళ్లను, పండగనాడు పిలుపు లేని అక్కలను జ్ఞాపకం చేసుకో. నువ్వు దోనె ఎక్కినట్టు వాళ్ల జీవితాల్లోకి రా. వాళ్ల పక్కన కూర్చుని తెడ్డు వేసే బుద్ధి మాకివ్వు. ఆమేన్.

మీ ఊళ్లో, మీ వీధిలో అలాంటి మనిషి ఉంటే ఈ వారం వెళ్లి పలకరించండి. ఆ మనిషి కోరిన పేరుతోనే పిలవండి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణకు వచ్చిన 2019 చట్టం కింద కలెక్టరు ఇచ్చే గుర్తింపు పత్రానికి దరఖాస్తు పెట్టాలంటే తోడు వెళ్లండి. రాష్ట్రంలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయల పింఛను ఉంది, అది అందకపోతే సచివాలయంలో అడిగించండి. ఆదివారం గుడికొస్తే మీ ఇంటివాళ్ల వరసలో కూర్చోబెట్టుకోండి, వచ్చే వారం వాక్యం చదవమని చెప్పండి.