మంచివాడని చెప్పే ముందు

కొన్నేళ్ల క్రితం నేను తడలో పిల్లలకు ఖుర్ఆన్ చదువు చెప్పే రోజుల్లో ఒక సాయంత్రం అస్ర్ నమాజు తర్వాత ప్రొబేషన్ ఆఫీసరు ఒకరు మస్జిదుకు వచ్చారు. చెప్పులు బయట విడిచి, గుమ్మం దగ్గరే నిలబడి, మా వీధి కుర్రవాడి పేరు చెప్పి, “ఇతని నడవడి ఎలాంటిదండీ?” అని అడిగారు. ఆ కుర్రవాడికి 19 ఏళ్లు. బజారులో ఒక సెట్టిగారి దుకాణం షట్టరు వంచి సెల్‌ఫోన్లు, కొంత నగదు దొంగిలించాడు. నేరం రుజువైంది. శిక్ష ఇంకా వేయలేదు.

నేను ఆలోచించకుండానే, “మంచి పిల్లవాడండీ, నమాజుకు వస్తుంటాడు” అన్నాను. ఆయన రాసుకుని వెళ్లిపోయారు.

ఆ రాత్రి హజ్రత్ ఉమర్ (రజి) గారి సంఘటన ఒకటి గుర్తుకొచ్చి నిద్ర పట్టలేదు. ఆయన ఎదుట ఒక వ్యక్తి మరొకరి గురించి మంచివాడని సాక్ష్యం పలికాడు. ఉమర్ (రజి) అతణ్ణి ప్రశ్నించారు: నువ్వు అతని పొరుగువాడివా? అతనితో ప్రయాణం చేశావా? డబ్బు వ్యవహారం ఏదైనా నడిపావా? అన్నిటికీ లేదనే జవాబు వచ్చింది. అయితే మస్జిదులో అతను తల వంచడం, ఎత్తడం చూసి చెబుతున్నావేమో, నీకు అతను తెలియదని ఉమర్ (రజి) తేల్చేశారు. మదరసాలో ఈ సంఘటనను నేనే ఎన్నోసార్లు విద్యార్థులకు వివరించాను. ఆ రోజు గుమ్మం దగ్గర నిలబడి ఆ వ్యక్తి చేసిన పనే నేనూ చేశాను.

ఆ కుర్రవాడి తండ్రి చనిపోయి అప్పటికి రెండేళ్లయింది. పారిశ్రామికవాడలో కాంట్రాక్టు పనికి కుదిరి మధ్యలోనే మానేశాడు. రాత్రిపూట హైవే పక్క దాబాల దగ్గర ఎవరితో తిరుగుతున్నాడో వీధిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసీ చెప్పలేదు.

పాఠకులారా, ఆ ఆఫీసరు ఎందుకు అడిగారో ముందు తెలుసుకోవాలి. మన దేశంలో నేరస్తుల ప్రొబేషన్ చట్టం 1958లో వచ్చింది. ఈ ప్రాంతానికి అది కొత్త ఆలోచన కూడా కాదు. తడ మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఉన్న కాలంలోనే, 1936 నాటి మద్రాసు ప్రొబేషన్ చట్టం ఉండేది. (2022 ఏప్రిల్ నుండి తడ తిరుపతి జిల్లాలో ఉంది.) మరణశిక్షకు గాని యావజ్జీవానికి గాని తగిన నేరం కాకపోతే, దోషిని జైలుకు పంపడానికి బదులు కోర్టు అతనితో సత్ప్రవర్తన బాండు రాయించుకుని విడుదల చేయవచ్చు. బాండు గడువు మూడేళ్లకు మించకూడదు. పర్యవేక్షణ కూడా విధిస్తే అది ఏడాదికి తగ్గకూడదు. ఎక్కడ నివసించాలి, మత్తు పదార్థాలు ముట్టకూడదు వంటి షరతులు పెట్టవచ్చు. 21 ఏళ్లు నిండని వారి విషయంలో చట్టం ఇంకొంచెం ముందుకు వెళుతుంది. ప్రొబేషన్ ఆఫీసరు రిపోర్టు తెప్పించుకుని చూడాలి, అయినా జైలుకే పంపదలిస్తే ఎందుకు పంపుతున్నారో కోర్టు కారణాలు రాయాలి.

అంటే ఇంటి పరిస్థితి, సావాసాలు, పనిపాటలు చూసి ఆ ఆఫీసరు రాసే నాలుగు పేజీల మీదే చాలా వరకు నిర్ణయం ఆధారపడుతుంది. ఆ పేజీల్లోకి వెళ్లేది మనలాంటి వాళ్లం గుమ్మం దగ్గర నిలబడి చెప్పిన మాటలే. మనం అబద్ధం చెబితే ఆఫీసరు ఎంత నిజాయితీపరుడైనా రిపోర్టు అబద్ధమవుతుంది. రేపు ఇంకొక దుకాణం షట్టరు వంగితే అందులో మన మాటకూ భాగం ఉంటుంది.

ఇక్కడ ధార్మికులైన సోదరులు ఒక సందేహం లేవనెత్తుతారు. ఒకరి లోపాలు ఆఫీసరుకు చెప్పడం గీబత్, అంటే పరోక్షనింద కాదా? కాదని చెప్పడానికి స్పష్టమైన ఆధారం ఉంది. హజ్రత్ ఫాతిమా బింత్ ఖైస్ (రజి)ను వివాహమాడతామని ఇద్దరు కబురు పంపినప్పుడు ఆమె దైవప్రవక్త (స) సలహా కోరారు. ఆయన (స) ఆ ఇద్దరిలో ఒకరు చేతికర్ర భుజం మీది నుండి దించరనీ, మరొకరి దగ్గర ఆస్తి లేదనీ దాచకుండా చెప్పారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. హక్కు ఉన్నవారు అడిగినప్పుడు, ఒకరికి నష్టం కలగకుండా చూసేందుకు, అవసరమైనంత మేరకు నిజం చెప్పడం గీబత్ కాదని ఇమామ్ నవవీ వంటి పండితులు వివరించారు. అవసరమైనంత మేరకు అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. ఆఫీసరుకు చెప్పిన మాట టీ అంగడిలో చెబితే అది పరోక్షనిందే. ఆ రిపోర్టును గోప్యంగా ఉంచాలని చట్టం కూడా చెబుతోంది.

రెండో సందేహం ఎవరూ పైకి అనరు గాని అందరి మనసులోనూ ఉంటుంది. మర్నాడు ఇషా తర్వాత మస్జిదు వరండాలో ఒక పెద్దాయన నాతో అనేశారు కూడా: “మనవాడు హజ్రత్! పోయింది సెట్టిగారి సొమ్ము. మనం మనవాణ్ణి కాపాడుకోవద్దా?”

సూరా నిసా 105వ ఆయతు నుండి అవతరించిన వాక్యాల నేపథ్యాన్ని ముఫస్సిర్లు రాశారు. మదీనాలో ఉబైరిఖ్ వంశానికి చెందిన ఒకడు కవచం దొంగిలించి నేరాన్ని ఒక యూదుడి మీదికి నెట్టాడు. అతని తెగవాళ్లు గుంపుగా వచ్చి మావాడు మంచివాడంటూ దైవప్రవక్త (స) ముందు వాదించారు. అప్పుడు వహీ వచ్చింది. నిర్దోషి అయిన యూదుడు బయటపడ్డాడు, తెగవాళ్లు దోషులయ్యారు. ద్రోహుల పక్షాన వాదించవద్దన్న ఆదేశం ఏ సందర్భంలో వచ్చిందో ఆ పెద్దాయనకు చెప్పాను. ఆయన మౌనంగా లేచి వెళ్లిపోయారు. సెట్టిగారి సొమ్ము హుఖూఖుల్ ఇబాద్, తోటి మనుషుల హక్కు. అది తీరకుండా మన తౌబా పూర్తి కాదు, సొమ్ముదారుడు ఏ మతంవాడైనా సరే. విడుదల చేసేటప్పుడు నష్టపోయిన వ్యక్తికి పరిహారం ఇప్పించే అధికారం 1958 చట్టంలో కోర్టుకు ఉంది. ఆ పరిహారం కట్టేలా దోషికి సలహా, సహాయం అందించడం ప్రొబేషన్ ఆఫీసరు విధుల్లో ఒకటి. 2024 జూలై 1 నుండి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా, మొదటిసారి దోషిగా తేలినవాడు 5000 రూపాయలకు తక్కువ విలువైన దొంగసొత్తు తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవను శిక్షగా పెట్టారు. తిరిగి ఇవ్వడం అక్కడ షరతు.

ఇలా విడిచిపెడితే సమాజానికి రక్షణ ఏది అన్న ప్రశ్నను తేలికగా తీసుకోకూడదు. 1964లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసు చూడండి. 16 ఏళ్ల కుర్రవాడు ఒక ఇంట్లో చొరబడి ఏడేళ్ల పాప పట్ల అసభ్యంగా ప్రవర్తించబోయాడు. మన రాజమండ్రికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు గారు మెజారిటీ తీర్పు రాస్తూ, ప్రొబేషన్ చట్టం కింద ఇతని విషయం పరిశీలించాలని కేసును హైకోర్టుకు తిప్పి పంపారు. ఒక న్యాయమూర్తి విభేదించారు. ఆ కేసు గురించి చదివినప్పుడు, ఆడపిల్లల తండ్రినైన నా మనసు మొదట ఆ పాప వైపే పోయింది. (2012లో పోక్సో చట్టం వచ్చాక పిల్లలపై జరిగే ఇటువంటి నేరాలను వేరుగా చూస్తున్నారు.) చట్టం కూడా అన్ని నేరాలకూ ఈ తలుపు తెరవలేదు. గంజాయి రవాణాలో పట్టుబడిన 18 నిండినవాడికి ప్రొబేషన్ లేదు. డబ్బు ఆశ చూపి ఒక సంచీ చేతికిచ్చి చెన్నై దాకా తీసుకెళ్లమంటే, హైవే పక్కన ఉండే మన పిల్లలు ఈ సంగతి ముందే తెలుసుకుని ఉండాలి.

దైవప్రవక్త (స) చెప్పిన పడవ ఉపమానం పులికాట్ సరస్సు పక్కన నివసించేవారికి విడమరచి చెప్పనక్కర్లేదు. పడవలో కొందరు పై అంతస్తులో, కొందరు కింద ఉన్నారు. నీళ్ల కోసం మాటిమాటికీ పైకి వెళ్లి అందరినీ ఇబ్బంది పెట్టడం దేనికని కిందివాళ్లు తమ భాగంలోనే చిల్లు పెట్టుకోవాలనుకున్నారు. పైవాళ్లు ఊరుకుంటే అందరూ మునుగుతారు, చేయి పట్టుకుని ఆపితే అందరూ బతుకుతారు. ఈ హదీసు బుఖారీలో ఉంది. ఆ చేతులు నరకమని గాని, వాళ్లను నీళ్లలోకి తోసేయమని గాని అక్కడ లేదు. పట్టుకోమని ఉంది. చేయి పట్టుకోవాలంటే పక్కనే ఉండాలి, ఎక్కువసేపు ఉండాలి. పర్యవేక్షణ అంటే ఇదే. నెలనెలా హాజరు వేయించుకోవడం, ఇంటికి వెళ్లి చూడడం, అవసరమైతే పని వెతికిపెట్టడం. షరతు తప్పితే కోర్టు పిలుస్తుంది. మొదటిసారైతే 50 రూపాయల వరకు జరిమానాతో వదలవచ్చు, లేదా పాత నేరానికే శిక్ష వేయవచ్చు. ఇది ఖుర్ఆన్ నిషేధించిన కూపీ లాగడం కాదు. దోషికి తెలిసే, అతను సంతకం చేసిన షరతుల మేరకే జరుగుతుంది.

కాని ఒక ఆఫీసరు ఎంతమంది చేతులు పట్టుకోగలడు? ఈ పద్ధతి పుట్టుకలోనే దీనికి జవాబు ఉంది. 1841లో అమెరికాలోని బోస్టన్ నగరంలో జాన్ అగస్టస్ అనే చెప్పులు కుట్టే వ్యక్తి కోర్టులో ఒక తాగుబోతుకు పూచీపడి తన వెంట తీసుకెళ్లాడు. ఆ నగరంలో జీతమిచ్చి ప్రొబేషన్ ఆఫీసరును పెట్టుకునే చట్టం 1878లో వచ్చింది. ముందు జామీను, తర్వాతే ఆఫీసు. మన ఫిఖహ్‌లో కఫాలత్ అధ్యాయం చదివినవారికి ఇది వింతగా అనిపించదు. మనిషిని హాజరుపరుస్తానని పూచీపడినవాడు ఆ మాట తప్పితే ఖాజీ అతణ్ణే నిర్బంధించవచ్చని ‘హిదాయా’లో ఉంది. జామీను అంత బరువైనది కాబట్టే దానికి విలువ.

మర్నాడు ఉదయం నేను ఆఫీసరుకు ఫోను చేసి నిన్న చెప్పింది సరికాదన్నాను. తెలిసినదంతా చెప్పాను. తల్లి ఇళ్లలో పని చేసి నిజాయితీగా బతుకుతోందనీ, తండ్రి ఉన్నన్నాళ్లూ అతని మీద ఏ ఫిర్యాదూ లేదనీ కూడా చెప్పాను. ఈ సంగతి ఎలాగో ఆ తల్లికి తెలిసింది. ఇంటికి వచ్చి, “హజ్రత్, మీ నోటితోనా నా బిడ్డను జైలుకు పంపడం?” అని ఏడ్చింది. నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పానన్నది నిజమే. చెప్పి ఇంట్లో కూర్చోవడం మాత్రం తప్పని ఆమె ఏడుస్తుంటే తెలిసింది.

చట్టం ప్రకారం దోషికి గాని జామీనుదారుకు గాని ఆ కోర్టు పరిధిలో స్థిరమైన నివాసమో, క్రమమైన పనో ఉండాలి. ఈ కుర్రవాడిది అద్దె గది, పని లేదు. సరిహద్దు దాటితే తమిళనాడు, ఏ రోజైనా రైలెక్కి పోగలడు. జమాఅత్‌లో నలుగురిని అడిగాను. ముగ్గురు తలలు దించుకున్నారు. మోటారు మెకానిక్ ఒకాయన, పెద్దగా మాట్లాడే మనిషి కాదు, “పనిలో పెట్టుకుంటాను, సంతకం నేను చేస్తాను. సాయంత్రాలు మీరు చూసుకోండి” అన్నారు. అలా సాయంత్రాలు నా వంతుకు వచ్చాయి. మగ్రిబ్ నుండి ఇషా దాకా మస్జిదు లెక్కలు రాయించాను. మూడో నెలలో రెండు రోజులు కనిపించకుండా పోయాడు. మెకానిక్ గారు దాచకుండా ఆఫీసరుకు చెప్పారు. కోర్టు హెచ్చరించింది. నాకు ఆయన మీద కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది.

కోర్టు చెప్పిన పరిహారాన్ని కూలీలోంచి కొంచెం కొంచెంగా కట్టాడు. చివరి వాయిదా ఇచ్చేటప్పుడు నేనూ వెంట వెళ్లాను. సెట్టిగారు అతణ్ణి దుకాణం లోపలికి రానివ్వలేదు. గుమ్మం బయటే రెండుసార్లు లెక్కపెట్టుకుని, చీటీ రాసి ఇచ్చారు.