ఒక్కటే ఉన్నదానికి జాతి ఉంటుందా?

1971 జనవరిలో ఇంగ్లండ్‌లోని మైరా పరీక్షా ట్రాక్ మీద జాగ్వార్ ఎక్స్‌జె13 పల్టీలు కొట్టింది. నడుపుతున్న నార్మన్ డ్యూయిస్ క్షేమంగా బయటపడ్డాడు గానీ కారు నుజ్జునుజ్జయింది. లోకం మొత్తానికి అలాంటి కారు అదొక్కటే. ల మాన్ 24 గంటల పందెం గెలవాలని 1966లో కట్టారు. మాల్కమ్ సేయర్ లెక్కలు వేసి తీర్చిన అల్యూమినియం దేహం, డ్రైవరు వీపు వెనకే 5 లీటర్ల, పన్నెండు సిలిండర్ల ఇంజన్. 1967లో డేవిడ్ హాబ్స్ ఇదే ట్రాక్‌ను గంటకు 161 మైళ్లు దాటిన సగటు వేగంతో చుట్టివచ్చాడు. అంతలో పందేల నిబంధనలు మారి ప్రోటోటైపుల ఇంజన్‌కు 3 లీటర్ల హద్దు వచ్చింది. ఒక్క పందెమైనా చూడకుండానే కారు మూలన పడింది. జాగ్వార్ వి12 ఇ-టైపు కారు ప్రచార చిత్రం కోసం మళ్లీ బయటికి తీసినప్పుడే ఆ ప్రమాదం. కొన్నేళ్లకు, తొలినాటి అచ్చుల్లో మిగిలినవాటిని వాడుకుని దాన్ని తిరిగి కట్టారు. ఇప్పుడున్నది మొదటిదానికి యథాతథ రూపం కాదని జాగ్వారే ఒప్పుకుంది. అయితే ఇప్పుడున్నది ఏ కారు?

లోహం అదే అయితే కారు అదేనంటారు కొందరు, ఆకారం అదే అయితే చాలంటారు ఇంకొందరు. మామూలు కారు విషయంలో రెండో జవాబు బాగానే పనిచేస్తుంది. ఇ-టైపులు డెబ్బై వేలకు పైగా తయారయ్యాయి. ఒకటి తుప్పుపట్టిపోతే పక్కన మరోటి పెట్టుకుని, విడిభాగాల పుస్తకం తెరిచి, ఎక్కడ ఏముండాలో చూసి బాగుచేయవచ్చు. అక్కడ కొలబద్ద ఆ ఒక్క బండి కాదు, ఇ-టైపు అనే జాతి. ప్రోటోటైపుకి ఆ ఆసరా లేదు. అనేక వ్యక్తుల్లో ఒక్కటిగా ఉండేదే జాతి అని న్యాయశాస్త్రపు తొలిపాఠమైన తర్కసంగ్రహం మొదటిసారి చదివే విద్యార్థికి కూడా తెలుసు. అంతకుముందే నైయాయికుడు ఉదయనుడు జాతిని ఒప్పుకోవడానికి అడ్డొచ్చేవాటిని ఆరింటిని చెప్పి, మొదటిదిగా వ్యక్తి ఒక్కటే కావడాన్ని పెట్టాడు. ఆకాశం ఒక్కటే కనుక ఆకాశత్వం జాతి కాదు. వెయ్యేళ్ల నాటి ఈ నియమం కార్ల షెడ్డులో ఇంత సూటిగా పనికొస్తుందని ఉదయనుడు ఊహించి ఉండడు గానీ, పనికొస్తుంది. ఎక్స్‌జె13 ‘ఎలా ఉండాలి’ అని అడగడానికి దాని బయట ఏదీ లేదు. అది ఎలా ఉండిందో, దానికి ఏం జరిగిందో, అదే దాని ప్రమాణం.

ఈ మాట ఒప్పుకుంటే షెడ్డులో చెయ్యి ఆడే తీరే మారిపోతుంది. పాత ప్రోటోటైపు రంగు గీకి చూస్తే అల్యూమినియం పట్టీలో పక్కపక్కనే రెండు రంధ్రాలు కనిపించవచ్చు. ఒకదాంట్లో బోల్టు ఉంటుంది, రెండోది ఖాళీ. పట్టీ మొదట ఒకచోట బిగించి, పరీక్షలో కుదరక వేలెడు పక్కకి జరిపారన్నమాట. రేకు లోపలివైపు, చేత్తో సాగదీసినప్పటి సుత్తి దెబ్బలు నునుపు చేయకుండానే వదిలేసి ఉంటాయి. లోపాన్ని సహించని పనివాడు ఆ ఖాళీ రంధ్రాన్ని వెల్డింగుతో పూడ్చి, గరుకుని అరగదీసి, అద్దంలా పాలిష్ పట్టిస్తాడు. అతని నైపుణ్యాన్ని తక్కువ చేయలేం. కానీ ఆ పూడ్చిన రంధ్రంతోపాటు ఒక ఇంజనీరు మనసు మార్చుకున్న క్షణం పోతుంది, దాన్ని చెప్పే సాక్షి మరొకటి లేదు. అమ్మకానికి తయారైన కారులో తప్పు తప్పే, ప్రోటోటైపులో మాత్రం తప్పే విషయం. ఆ బండి కట్టిందే తప్పులు బయటపెట్టుకోవడానికి.

దీనికి గట్టి ఆక్షేపణ బౌద్ధులనుంచి వస్తుంది. మిళింద రాజు ఎక్కివచ్చిన రథాన్నే చూపించి భిక్షువు నాగసేనుడు అడిగాడు: ఇరుసు రథమా, చక్రాలు రథమా, నొగ రథమా? ఏదీ కాదు, అన్నీ కూడినచోట వాడుకకు పెట్టుకున్న పేరే రథం. అలాంటప్పుడు ‘అసలు కారు’ కోసం పాకులాడటం భ్రమే కదా అనవచ్చు. కానీ నాగసేనుడు అక్కడితో ఆగలేదు. రాత్రంతా వెలిగే దీపంలో తొలిజాము జ్వాలా మలిజాము జ్వాలా ఒకటి కాదు, వేరూ కాదు, ఒకదాన్ని ఆసరా చేసుకుని మరొకటి పుడుతుందని కూడా ఆయనే చెప్పాడు. మారని సారం లేదన్నంత మాత్రాన కార్యకారణ ధార లేకుండా పోదు. సారం లేదని నమ్మేవాడికి ఆ ధార తప్ప పట్టుకోవడానికి ఇంకేమీ మిగలదు, కనుక దాన్ని చెరపకుండా కాపాడవలసిన బాధ్యత అతని మీదే ఎక్కువ.

న్యాయస్థానం కూడా ఇంచుమించు ఇక్కడికే వచ్చింది. 1929లోనూ 1930లోనూ ల మాన్ గెలిచిన ‘ఓల్డ్ నంబర్ వన్’ బెంట్లీ పందెం పందేనికీ భాగాలు మార్చుకుంటూ, 1932లో బ్రూక్‌లాండ్స్‌లో ఘోర ప్రమాదానికి గురై, ఆ తర్వాత కొత్త దేహం తొడుక్కుంది. కోటి పౌండ్ల బేరం తగాదాగా మారి, ఇది అసలుదా అన్న ప్రశ్న 1990లో లండన్ హైకోర్టుకెక్కింది. గెలిచిన రోజున ఉన్న కారు యథాతథంగా ఇది కాదు, అయినా ఎక్కడా తెగని చరిత్ర ఉంది కనుక ఆ పేరు దీనిదే అని తీర్పు వచ్చింది. ఎక్స్‌జె13 చిక్కు ఇంకాస్త లోతైనది. తొలినాటి ప్రయోగాత్మక ఇంజన్లలో ఒకదాన్ని సంపాదించి, ప్రమాదానికి ముందున్న రూపంలో కొత్తగా ఒక కారు కట్టినవారున్నారు. చూపుకి అదే 1966 నాటి కారుకు దగ్గర. అయినా ఆ పల్టీలు దానికి జరగలేదు. ఆకారమే ప్రమాణమైతే ఈ కొత్తదానికే పేరు ఇవ్వాలి. అలా ఇవ్వడానికి ఎవరికీ మనసొప్పదు, ఒప్పకపోవడంలో న్యాయం ఉంది.

మన ఆలయాల సంప్రదాయం చూపి మరొకరు అడ్డుచెప్పవచ్చు. జీర్ణోద్ధరణలో గర్భగుడినే విప్పి కట్టినా దేవుడు మారడు, పాత రాయి కోసం ఎవరూ పట్టుబట్టరు, మరి రేకుల బండికి ఇంత పట్టింపు దేనికని. ఆగమం ఆ పనిని ఎంత బాహాటంగా చేస్తుందో గమనించాలి. మూర్తిలోని శక్తిని కలశంలోకి ఆవాహన చేసి, బాలాలయంలో నిలిపి, పని పూర్తయ్యాక ఊరందరి ఎదుట తిరిగి ప్రతిష్ఠ చేస్తారు. ఏది మారింది, ఏది కొనసాగుతోంది అన్నది అక్కడ దాచరు. కారులో అలా కలశంలోకి దింపి కాపాడగలిగిన ప్రాణం ఏదీ లేదు. దాని కొనసాగింపు మోసేవి మిగిలిన లోహమూ, చేసిన పని గురించి రాసిపెట్టిన నిజమూ, ఈ రెండే.

అలాగని నుజ్జయిన ఎక్స్‌జె13ను అలాగే వదిలేయాల్సిందని నేననను. పరుగెత్తడానికి పుట్టిన యంత్రం గొంతు వినిపించకపోతే దాని సగం సత్యం మూగబోతుంది, కాబట్టి తిరిగి కట్టడం మంచి పనే. ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగాలని 1964 వెనిస్ చార్టర్ కట్టడాల గురించి చెప్పింది. కార్లకు ఆ గీత ఇంకాస్త అవతల గీయవచ్చు, ఎందుకంటే ఊహించకుండా ఏ ఇంజనూ తిరగదు. అయితే ఊహించిన ప్రతి భాగానికీ లోపలివైపు తేదీ ముద్ర పడాలి. తీసేసిన రేకు తుక్కులోకి కాకుండా చీటీ కట్టి అల్మరాలోకి పోవాలి. చూడవచ్చినవాళ్లకు 1966తోపాటు 1971 కూడా చెప్పాలి. ఎక్స్‌జె13 విషయంలో ఇది యథాతథం కాదని తయారుచేసిన సంస్థే చెప్పడం, నా దృష్టిలో, ఆ పునర్నిర్మాణంలోకెల్లా సరిగ్గా బిగిసిన భాగం.