కార్పెట్ కింద

పాత కారు చూడ్డానికొచ్చినవాళ్ళు ముందు బానెట్ ఎత్తుతారు. తర్వాత టైర్లు, ఆ తర్వాత ఏసీ. కాస్త తెలిసినవాళ్ళయితే ఆయిల్ పుల్ల బయటికి తీసి రెండు వేళ్ళ మధ్య రుద్ది చూస్తారు. కాళ్ళకింద పరిచిన కార్పెట్ జోలికి ఎవరూ పోరు. శుభ్రంగా ఉంటే సంతోషిస్తారు, మురికిగా ఉంటే కడిగించుకోవచ్చులే అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. 2022లో మా నాన్న కారు అమ్మాల్సి వచ్చింది. నెలరోజుల పాటు ఇంట్లో జరిగిన వాదనంతా ఆ కార్పెట్ గురించే.

కారు 2008 వాగన్ ఆర్. నాన్న రిటైరవడానికి రెండేళ్ళ ముందు కొన్నారు. ఆయన జీవితంలో కొన్న ఒకే ఒక్క కారు. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదులో కురిసిన వాన చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా కాలనీ ఒక చెరువు కింద ఉంటుంది. చెరువు కింద అనడం మర్యాద, నిజానికి చెరువులోనే ఉంటుంది. నేనప్పుడు బెంగుళూరులో ఉన్నాను. తెల్లారి ఫోన్ చేస్తే నాన్న, "గడప దాకా వచ్చాయిరా నీళ్ళు, లోపల కాస్త తడి, అంతే" అన్నారు. గడప అంటే కారు గడప, డోరు తీస్తే కింద అడ్డంగా ఉండే పట్టీ. మెకానిక్ వచ్చి ఆయిళ్ళు మార్చాడు, బండి స్టార్టయింది. పాతబండి కాబట్టి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే ఉంది. క్లెయిమ్ లేదు, సర్వేయరు రాలేదు. కారులోకి నీళ్ళొచ్చాయని చెప్పే కాగితం ఈ భూమ్మీద ఎక్కడా లేదు.

రెండు నెలల తర్వాత ఇంటికొచ్చి డోరు తీస్తే గుప్పుమని ముక్కిన వాసన. ఏసీ నీళ్ళు బయటికి పోయే గొట్టం పూడుకుపోతే ముందుసీటు కాళ్ళదగ్గర తడి చేరుతుందని తెలుసు గనక ముందు అదే అనుకున్నాను. కానీ వెనక కూడా అదే తడి. తలుపులు బార్లా తీసి ఎండలో పెట్టాం, కర్పూరం పెట్టాం, ఎవరో చెబితే గిన్నెలో కాఫీపొడి కూడా పెట్టాం. పైన కార్పెట్ ఎండుతుంది, సాయంత్రానికి మళ్ళీ తడుస్తుంది. దానికింద మందంగా ఒక ఫెల్టు ఉంటుంది, చప్పుడు వినపడకుండా, వేడి తగలకుండా. నీళ్ళన్నీ అది పీల్చుకుని కూర్చుంది.

సీట్ కవర్లు కుట్టే షాపుకి తీసుకెళ్ళాం. మాస్టర్ చూసి, "పాతదాని మీదనే వినైల్ పరిచేస్త సార్, సగం రేటులో అయిపోతది. వాసన కూడా లోపల్నే ఉంటది" అన్నాడు. వాసన కూడా లోపలే ఉండటం ఆయన దృష్టిలో ఒక సౌకర్యం. వద్దు, మొత్తం తీసెయ్యండి అన్నాను.

కార్పెట్ మార్చడమంటే ఇంట్లో చాప మార్చినట్టు కాదు. కారు నేల ఎత్తుపల్లాలకి సరిపోయేలా వేడిచేసి అచ్చుపోసిన ఒకే ముక్క అది. గేర్ దగ్గర ఉబ్బు, కాళ్ళదగ్గర గుంట అన్నీ అందులోనే ఉంటాయి. దాన్ని బయటికి తియ్యాలంటే సీట్లు విప్పాలి, సీట్ బెల్టుల కింది బోల్టులు విప్పాలి, గేర్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్, గడపల మీది పట్టీలు, కాళ్ళపక్క పలకలు అన్నీ ఊడదియ్యాలి. మధ్యాహ్నానికి మా కారు ఒక రేకుడొక్క అయింది. ఫెల్టు నానిన అట్టలా ముక్కలు ముక్కలుగా వచ్చింది. కింద రేకు మీద రూపాయి బిళ్ళలంత తుప్పు మచ్చలు. ఇక కాళ్ళపక్క ప్లాస్టిక్ పలక తియ్యగానే దాని వెనక, రేకు మీద, స్కేలు పెట్టి గీసినట్టు బురద గీత. గడపకి బెత్తెడు పైన.

నాన్న పక్కనే ఉన్నారు. ఆయనా చూశారు. ఇద్దరం ఏమీ అనుకోలేదు.

తుప్పుని వైర్ బ్రష్‌తో గీకించి, తుప్పుని ఆపే మందు పూయించి, రెడ్ ఆక్సైడ్ కొట్టించి, రెండ్రోజులు ఎండనిచ్చి, కొత్త ఫెల్టు, కొత్త కార్పెట్ వేయించాం. మొత్తం 7,000 రూపాయల చిల్లర. అడుగడుగునా ఫోన్లో ఫోటోలు తీసుకున్నాను, పని పద్ధతిగా చేయించానన్న గర్వంతో. పాత కార్పెట్‌ని పారెయ్యనివ్వలేదు నాన్న. కోసి సగం గేటు దగ్గర వేశారు. గేర్ ఉబ్బు ఉన్న ముక్క అది, సమంగా పరుచుకోదు. వీధికుక్క ఆ ఉబ్బుకి తల ఆనించి పడుకునేది.

ఆ తర్వాత కారు ఏ ఇబ్బందీ పెట్టలేదు. రెండేళ్ళలో 9,000 కిలోమీటర్లు తిరిగింది. శుక్లాల ఆపరేషన్ అయ్యాక నాన్న డ్రైవింగ్ మానేశారు, ఆర్‌సీకి పదిహేనేళ్ళు దగ్గర పడుతున్నాయి, అమ్మేద్దామనుకున్నాం. అప్పుడడిగాను, కొనేవాళ్ళకి నీళ్ళ సంగతి చెప్పాలి కదా అని.

"అడిగితే చెప్దాం. అడక్కపోతే మనంతట మనం ఎందుకు చెప్పడం? 'మునిగిన కారు అమ్మబడును' అని బోర్డు పెట్టమంటావా?"

మా నాన్న జీవితంలో కరెంటు మీటరు దగ్గర్నించి ఇన్‌కంటాక్సు దాకా ఒక్క రూపాయి ఎగ్గొట్టిన మనిషి కాదు. కాబట్టి ఇది కక్కుర్తి అని తీసిపారెయ్యడానికి వీల్లేదు. పైగా, తర్వాత తెలిసింది, ఈ మాట అన్నవాళ్ళలో ఆయన మొదటివారు కూడా కాదు. సిసిరో క్రీస్తుపూర్వం 44లో ఏథెన్సులో చదువుకుంటున్న కొడుకుని ఉద్దేశించి కర్తవ్యాల మీద ఒక పుస్తకం రాశాడు. (అక్కడ తండ్రి కొడుక్కి చెబుతున్నాడు. మా ఇంట్లో వరస తిరగబడింది.) అందులో ఒక ఇల్లు అమ్మకానికొస్తుంది. గదుల్లో పాములు తిరుగుతాయి, కలప పుచ్చిపోయింది, యజమానికి తప్ప ఎవరికీ తెలియదు. చెప్పకుండా అమ్మొచ్చా? చెప్పితీరాలంటాడు ఆంటిపేటర్ అనే తాత్త్వికుడు. నిన్నెవరూ కొనమని బలవంతపెట్టలేదే, పాడు ఇల్లు అమ్ముతున్నానని దండోరా వేయించుకునేవాడు ఎక్కడైనా ఉంటాడా అంటాడు ఆయన గురువు డయోజెనిస్. రెండువేల ఏళ్ళ తర్వాత మా వరండాలో అదే మాట, దండోరా బదులు బోర్డు.

మన చట్టం మొదటి చూపుకి డయోజెనిస్ వైపే ఉంటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్లో కారు బదులు గుర్రం ఉంటుంది. గుర్రానికి జబ్బుందని తెలిసి కూడా వేలంలో ఏమీ మాట్లాడకుండా అమ్మితే అది మోసం కాదు. కొనేది అప్పుడే మైనారిటీ తీరిన కూతురైతే మాత్రం చెప్పాలి. 'నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటాను' అని కొనేవాడంటే అప్పుడిక మౌనం మాటతో సమానం. చదువుతుంటే నాన్నే గెలిచారనిపించింది. కానీ అదే సెక్షన్లో, మౌనం గురించిన వివరణకి పైన, ఇంకో వాక్యం ఉంది. తెలిసిన విషయాన్ని పనిగట్టుకుని కప్పిపెట్టడం మోసమే.

మరి మేం కప్పిపెట్టామా? అక్షరాలా కప్పాం, ఇంకెలా చెప్పాలి! కానీ కప్పిపెట్టడానికి కాదు. వాసనకి వేయించాం, నాన్న ఆస్తమాకి వేయించాం. అప్పటికి అమ్మే ఆలోచనే లేదు. నన్ను నిద్రపోనివ్వని ముడి ఇదే. 2020లో చేసినప్పుడు అది నిక్కమైన మరమ్మతు. 2022లో, ఎవరూ దాన్ని ముట్టుకోకుండానే, అది ముసుగు అయిపోయింది. కార్పెట్ అదే, రెడ్ ఆక్సైడ్ అదే, 7,000 బిల్లు అదే. ఒక పని మంచిచెడ్డలు ఆ పని చేసిన రోజే తేలిపోతాయని నాకో నమ్మకం ఉండేది. ఉద్దేశం చూడాలి అంటాం కదా. ఉద్దేశానికి మచ్చలేదు, అయినా పని రంగు మారింది.

'అడిగితే చెప్దాం' అన్నదాంట్లో తిరకాసు కూడా అక్కడే ఉంది. పాత కార్పెట్ ఉండగా అమ్మి ఉంటే ఆ మాటకి అర్థం ఉండేది. డోరు తియ్యగానే ముక్కే అడిగించేది, ఈ వాసనేంటని. ఆ ప్రశ్న పుట్టే చోటుని మేమే మూసేశాం. ప్రశ్న పుట్టకుండా చేసి, అడిగితే చెబుతానని కూర్చోవడం ఏం నిజాయితీ? నా వృత్తిలో ఇలాంటి కోడ్ రోజూ కనిపిస్తుంది. ఎర్రర్ వస్తే పట్టుకుని చప్పుడు లేకుండా మింగేస్తుంది. ప్రోగ్రాం చక్కగా నడుస్తుంది, రికార్డులో తప్పేమీ కనపడదు. తర్వాత ఆ కోడ్ చేతికొచ్చినవాడు మాత్రం గుడ్డివాడవుతాడు. అది రాసినవాడేమీ దుర్మార్గుడు కాదు, ఆ పూటకి పని జరగాలనుకున్నాడు, అంతే. (చాలాసార్లు అది నేనే.)

1970లో అకర్‌లాఫ్ ఈ పాతకార్ల బజారు మీదే ఒక వ్యాసం రాశాడు. మూడు పత్రికలు తిప్పికొట్టాక నాలుగోది వేసుకుంది. 2001లో ఆయనకొచ్చిన నోబెల్‌కి మూలం ఆ వ్యాసమే. లోపం అమ్మేవాడికే తెలిసినచోట కొనేవాడు ప్రతి కారునీ అనుమానించి తక్కువకే అడుగుతాడు, దాంతో మంచికార్లు బజారుకే రావు అని. సరే, అది బజారు బాధ. నా ముందున్నది ఒక కారు, దాన్ని కొనబోయే ఒక మనిషి.

నాన్న దగ్గర ఇంకో వాదన ఉండేది, దానికి నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. "నువ్వు నిజమే చెబుతావు. వాడికి వినపడేది అబద్ధం" అన్నారు. వరద అనగానే కప్పుదాకా మునిగిన కార్లు, టీవీలో చూసినవి, కళ్ళముందుకొస్తాయి. నేనేం చెప్పినా ఆ బొమ్మ చెరగదు. ఉన్నది బెత్తెడు నీళ్ళయితే వినేవాడు నిలువెత్తు నీళ్ళు వింటాడు. అది నిజం చెప్పినట్టెలా అవుతుంది? ఫోటోలు చూపిస్తాను కదా అన్నాను. "ఫోటోలు ఎవడు నమ్ముతాడు, బాగుచేసిన కారుకి ఫోటోలెందుకు అనుకుంటాడు" అన్నారు. అదీ నిజమే.

ఇబ్రహీంపట్నం వైపు నుంచి ఒక కుర్రాడొచ్చాడు, ఎలక్ట్రికల్ పనులు చేస్తాడట, మొదటి కారు. వెంట వాళ్ళ బావ. గేటు దగ్గర కుక్కనీ, కుక్క కింద కార్పెట్ ముక్కనీ దాటుకుని లోపలికొచ్చారు. బానెట్, టైర్లు, ఏసీ, ఆయిల్ పుల్ల. కూర్చుని కాలితో నేల తడిమి, "కార్పెట్ మంచిగుందన్నా, కొత్తదా?" అన్నాడు.

"మార్పించాం. పాతదైపోయింది."

రెండు ముక్కలూ నిజమే. ధర్మరాజు అశ్వత్థామ గురించి చెప్పింది కూడా నిజమే. అంతవరకూ నేలకి బెత్తెడు ఎత్తున నడిచే ఆయన రథం ఆ మాటతో నేలకి దిగిందంటారు. మా రథం ఎప్పుడూ నేలమీదే ఉంది కాబట్టి నాకేమీ తెలియలేదు. లక్షా ముప్పై వేలకి మాట కుదిరింది, 5,000 అడ్వాన్సు ఇచ్చి వెళ్ళారు. రెండో ముక్క, 'పాతదైపోయింది' అన్నది, అతను అడగలేదు. అది నా అంతట నేను కలిపింది. రాత్రంతా అదే వినపడింది.

తెల్లారి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "ఎక్కడిదాంక వచ్చినయన్నా నీళ్ళు?" అన్నాడు.

వచ్చి చూడమన్నాను. ఆదివారం ఒక్కడే వచ్చాడు. నాన్న వరండాలో పేపరు చదువుతున్నారు. డోరు తీసి, వంగి, గడపకి బెత్తెడు పైన చెయ్యిపెట్టి చూపించాను. పేపరు మడత పెట్టిన చప్పుడు వినపడింది. కుర్రాడు నా ఫోన్లో ఫోటోలు రెండుసార్లు చూశాడు, కార్పెట్ అంచు పైకి లాగి కింద వేలుపెట్టి రుద్దుకున్నాడు, చివరికి పదిహేను వేలు తగ్గించమన్నాడు. తగ్గించాను.

కారు వెళ్ళిపోయాక రెండ్రోజులు నాన్న నాతో సరిగా మాట్లాడలేదు. మూడోరోజు కాఫీ తాగుతూ అన్నారు: "పదిహేను వేల గురించి కాదురా. గడప దాకా అని చెప్పొచ్చుగా."