ఆచారం పోతే ఏడ్చేదెవరు?

"మన ఆచారాలన్నీ పోతున్నాయమ్మా!" అనే మాట వినబడని ఇల్లు ఉంటే చూపించండి. అయిదు రోజుల పెళ్లి ఒక పూటకు దిగిందని ఒకరు బాధపడతారు. బంతిలో అరిటాకు పోయి ప్లేటు వచ్చిన నాడే సంస్కృతి సగం చచ్చిందని మా వీధిలో ఒక పెద్దావిడ తీర్పే చెప్పేసింది. నాకు మాత్రం ఎప్పుడూ ఒకటే సందేహం. ఆచారం పోవడమంటే అందరికీ ఒకేలా పోతుందా? పోయినప్పుడు ఏడ్చేవాళ్లూ, "హమ్మయ్య" అనుకునేవాళ్లూ ఒకరేనా?

మేముండేది పాతబస్తీలో, లాల్ దర్వాజా దగ్గర. ఇక్కడ పెళ్లి ఊరేగింపైనా, బోనాలైనా, గణేశ నిమజ్జనమైనా మర్ఫా మోగాల్సిందే. డప్పులూ కర్రలూ కలిసి ఆ దరువు అందుకున్నాయంటే, మోకాళ్ల నొప్పులని మూలిగే మా ఆయన కాలు కూడా కదులుతుంది! ఇది మన దరువు కాదు. నిజాముల కాలంలో యెమెన్ దేశపు హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులూ, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలూ వెంట తెచ్చుకున్నది. ఇప్పుడు ఎవరిదని అడిగేవాళ్లే లేరు. అందరిదీ అయిపోయింది.

ఆ అరబ్బులు స్థిరపడ్డ పేట చాంద్రాయణగుట్ట దగ్గరి బార్కస్. ఇంగ్లీషు 'బ్యారక్స్' మన నోళ్లలో నలిగి నలిగి 'బార్కస్' అయింది. వాళ్లు నిజాం కొలువులో సిపాయిలు. వాళ్లలో పైకొచ్చిన వాళ్లు మామూలుగా రాలేదు. కుఐతీ వంశం వాళ్లు ఇక్కడ జమేదారీ చేసి కూడబెట్టిన డబ్బుతో, బలగంతో అక్కడ హద్రమౌత్‌లో ఒక రాజ్యమే స్థాపించుకున్నారు. అది 1967 దాకా నిలిచింది. మన ఊరి జీతంతో వేరే దేశంలో సింహాసనం! అదే కొలువులో గేటు దగ్గర కాపలా కాసి, గేటు దగ్గరే ముసలివాడైన సిపాయి పేరు మాత్రం ఏ పుస్తకంలో దొరుకుతుంది?

వాళ్ల స్వదేశంలో మెట్లు గట్టివి. ప్రవక్త వంశీకులమనే సయ్యదులు పైమెట్టు. కత్తి పట్టే తెగలవాళ్లు తర్వాత. చేతిపనులవాళ్లు ఇంకా కింద. బానిసల సంతతి అన్నిటికన్నా అడుగున. సయ్యదు కుర్రవాడు కింది మెట్టు పిల్లను చేసుకోవచ్చు. సయ్యదుల పిల్లను మాత్రం కింది మెట్టుకు ఇవ్వకూడదు. ఎక్కడో విన్నట్టుంది కదూ? మన ఇళ్లలో "పిల్లను తెచ్చుకోవచ్చు గానీ ఇవ్వకూడదు" అనే మాటకు ఇది సాక్షాత్తూ అక్కచెల్లెలే.

1948లో పోలీసు చర్య జరిగింది. నిజాం కొలువు పోయింది. అరబ్బుల్లో కొందరిని వెనక్కి పంపేశారు. మిగిలినవాళ్లకు కత్తితో పని లేకపోయింది. తాతలు కోటలకు కాపలా కాసిన చోట మనవలు జామకాయలు అమ్ముకోవలసి వచ్చింది. 1970లలో గల్ఫు దేశాల దారి తెరుచుకుంది. మనిషిని పంపగలిగిన ఇంటికి మేడ లేచింది. పంపలేని ఇల్లు రేకుల కిందే ఉండిపోయింది. పాతమెట్ల పక్కన డబ్బు కొత్తమెట్లు కట్టింది.

ఇక్కడే నాకు నాగా కొండలు గుర్తొస్తాయి. ఎక్కడి బార్కస్, ఎక్కడి కోహిమా అంటారేమో. వాళ్లదీ పోరాటమే పరువుగా బతికిన సమాజం. కోన్యాక్ నాగాల్లో 'ఆంగ్' అనే వంశపారంపర్యపు దొరలుండేవారు. అంగామీల్లో అలాంటి దొరతనం లేదు. ఉన్నవాడికి పేరు కావాలంటే ఊరందరికీ పశువులను కోసి పెద్ద పెద్ద విందులు పెట్టాలి. అప్పుడే ఒక రకం శాలువ కప్పుకునే హక్కు. అంటే ఒకడి గాదె ఖాళీ అయితేనే వాడికి గౌరవం. క్రైస్తవం వచ్చాక, అందులో పాత పూజలూ బియ్యపు సారా ఉన్నాయని ఆ విందులను మాన్పించారు. బడి వచ్చింది, చదువు వచ్చింది, తలలు నరకడం పోయింది. అంతా మంచికే. కానీ ఉన్నవాడు లేనివాడికి పెట్టి తీరాలన్న కట్టుబాటు కూడా దాంతోపాటే జారిపోయింది. ఆ శాలువా, ఇవాళ డబ్బిస్తే ఎవరికైనా దొరుకుతుంది.

పోనిదల్లా ఒకటి. తాతల నాటి భూమి కొడుకులకే గానీ కూతుళ్లకు రాదు. 1963లో నాగాలాండ్ రాష్ట్రమైంది. పట్టణ పాలక సంఘాల్లో ఆడవాళ్లకు మూడోవంతు స్థానాలిస్తామంటే, అది మా ఆచారానికి విరుద్ధమని 2017లో గొడవలు లేచాయి. దీమాపూర్‌లో ప్రాణాలు పోయాయి, ముఖ్యమంత్రి దిగిపోవలసి వచ్చింది. శాసనసభలోకి మొదటిసారి ఇద్దరు స్త్రీలు గెలిచి వచ్చింది 2023లో. రాష్ట్రం పుట్టిన అరవై ఏళ్లకన్నమాట! ఆ పట్టణ ఎన్నికలు మహిళల కోటాతో 2024లో జరిగాయి.

చూశారా చిత్రం? దేవుడు మారాడు, బట్ట మారింది, విందు పోయింది. అప్పుడెవరూ రోడ్డు మీదికి రాలేదు. ఆడదానికి ఒక కుర్చీ వేస్తామనేసరికి సంప్రదాయం ఒళ్లు విరుచుకుని లేచింది.

మనమేం తక్కువ తినలేదు. మగవాళ్లు పిలక తీసేశారు, పంచె వదిలి ప్యాంటేసుకున్నారు, సంధ్యావందనం మానేశారు. "కాలం మారింది" అన్నాం. కోడలు చీర వదిలితే "సంస్కృతి పోయింది" అంటాం. 1986 నుంచి మన రాష్ట్రంలో ఆడపిల్లకు ఆస్తిలో సమాన హక్కుంది. అయినా అన్నదమ్ముల్ని వాటా అడిగిన పిల్లను చూసి, "పుట్టింటి మీదికి దావాకు పోయింది" అని నోరు నొక్కుకునేది ఎవరు? చాలాసార్లు మనమే.

అయితే పాతవన్నీ మూటగట్టి మూసీలో కలిపేద్దామా అంటారా? అది నా మాట కాదు. నేను పెట్టుకున్న కొలబద్ద చిన్నది. ఈ ఆచారం రేపు పోతే ఏడ్చేదెవరు? ఊపిరి పీల్చుకునేదెవరు? మర్ఫా పోతే, వాయించుకు బతికేవాడు మొదట ఏడుస్తాడు. కాబట్టి అది ఉండాలి, వాడి చేతికి సరైన కూలీ పడాలి. ఊరంతటికీ పెట్టే విందు పోతే లేనివాడు ఏడుస్తాడు. కాబట్టి ఆ గుణం ఏదో రూపంలో మిగలాలి. "పిల్లను కింది మెట్టుకు ఇవ్వకూడదు" అన్నది పోతే? పైమెట్టు మీది పెద్దమనిషికి గుండె కలుక్కుమనవచ్చు. పిల్ల మాత్రం ఏడవదు.

ఈ కొలబద్దలో చిక్కు లేకపోలేదు. బయట నుంచి చూసి "వాళ్లు ఇది మానాలి" అనడం మహా సులభం. బార్కస్ ఇంటి సంగతి ఆ ఇంటి ఆడవాళ్లు చెప్పాలి, నాగా ఇంటి సంగతి వాళ్లు చెప్పాలి. అందుకే ముందు ఎవరింట్లో వాళ్లం కొలుచుకోవడం మర్యాద.

అన్నట్టు, అరిటాకు పోయిందని ఏడ్చిన మా పెద్దావిడను ఈమధ్యే అడిగాను, "పిన్నిగారూ, ఆ రోజుల్లో విస్తళ్లు ఎత్తి, ఆ నేలంతా పేడతో అలికిందెవరండీ?" అని. కాసేపు ఆలోచించి, "నేనేనే తల్లీ, పదమూడేళ్ల నుంచీ" అంది. అని ఊరుకుందా? "ఆకు వాసన బాగుండేదిలే. నడుమే పడిపోయేది" అని కూడా అంది.