నష్టంలో పాలు పంచుకోని లాభం

రంజాన్‌లో ఒక రాత్రి తరావీహ్ నమాజు ముగిశాక నిజామాబాద్ జిల్లా సోదరుడొకరు నన్నొక మసలా అడిగారు. ఆయన పద్నాలుగేళ్ళు దుబాయిలో చెమటోడ్చి తిరిగివచ్చారు. కూడబెట్టిన అయిదు లక్షలు బంధువు కిరాణా దుకాణంలో పెట్టారు. బేరాలు సాగినా సాగకపోయినా నెలనెలా ఎనిమిది వేలు అందుతున్నాయి. అడిగినప్పుడు అసలు తిరిగి ఇవ్వాలన్నది ఒప్పందం.

"హజ్రత్! ఇది వ్యాపార లాభమే కదా?" అన్నారాయన.

సోదరులారా! షరియత్ పేరును కాదు, ఒప్పందాన్ని చూస్తుంది. అసలు భద్రం, రాబడి ఖాయం, నష్టం మాత్రం అవతలివాడిదైతే, దాన్ని ఏ పేరుతో పిలిచినా అది వడ్డీయే. అల్లాహ్ వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేశాడు, వడ్డీని నిషేధించాడు (ఖుర్ఆన్ 2:275).

ఇమామ్ మాలిక్ (రహ్మ) గారి మువత్తాలో ఒక సంఘటన ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) కుమారులిద్దరు ఇరాక్ నుంచి తిరిగివస్తూ, బస్రా గవర్నరు అప్పుగా ఇచ్చిన బైతుల్ మాల్ సొమ్ముతో సరుకు కొని, మదీనాలో అమ్మి లాభం గడించారు. సైనికులందరికీ ఇవ్వని అవకాశం తన బిడ్డలకే దక్కిందని ఖలీఫా లాభం కూడా అప్పగించమన్నారు. ఆ సొమ్ము పోయి ఉంటే తామే పూచీపడేవాళ్ళమని ఉబైదుల్లాహ్ వాదించారు. చివరికి ఒకరి సలహాపై దాన్ని భాగస్వామ్యంగా ఎంచి, అసలుతోపాటు సగం లాభం బైతుల్ మాల్‌కు జమచేశారు, మిగతా సగం కుమారులకు విడిచిపెట్టారు. పూచీకీ లాభానికీ ఉన్న సంబంధం ఆ వాదనలోనే కనిపిస్తుంది.

కనుక వ్యాపారంలో సొమ్ము పెట్టేవారు లాభంలో తమ వాటాను శాతంగా ముందే నిర్ణయించి రాసుకోవాలి. నష్టం వస్తే పెట్టుబడి మేరకు భరించాలి. దానికి ధైర్యం చాలకపోతే ఒక గదో, దుకాణమో కొని అద్దెకివ్వవచ్చు. అద్దె ఖాయమైనదే. కాని ఆ గోడ కూలితే నష్టం యజమానిదే.

ఆ సోదరుడు కాసేపు మౌనంగా ఉండి ఇలా అన్నారు: "వీసా కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను హజ్రత్. మొదటి రెండేళ్ళ జీతం దానికే పోయింది."

అల్లాహ్ ఆ రెండేళ్ళను ఆయనకు గుర్తుచేశాడు. తౌబా చేసినవారికి అసలు సొమ్ము వారిదేనని ఖుర్ఆన్ (2:279) చెబుతోంది. అంటే అందిన ఎనిమిది వేలన్నీ అసలులో చెల్లుబెట్టుకోవాలి. లెక్క చూస్తే చేతికి తక్కువే రావచ్చు. కాని పిల్లల నోటికి అందే ముద్ద హలాల్ అవుతుంది.

అల్లాహ్ మన సంపాదనను పరిశుద్ధం చేయుగాక! ఆమీన్.