ఎవరూ వినని తప్పు

ఇంగ్లండులోని నార్విచ్ నగరంలో సెయింట్ పీటర్ మాన్‌క్రాఫ్ట్ అనే చర్చి ఉంది. 1715 మే 2న ఆ గోపురంలో గంటలు మోగించేవారు 3 గంటల 18 నిమిషాలపాటు ఆగకుండా 5040 వరుసలు మోగించారు. అలాంటి తొలి పూర్తి మోతగా దాన్ని ఈనాటికీ తలచుకుంటారు.

ఈ మోతలో రాగం ఉండదు, లెక్క ఉంటుంది. తాడుకొక మనిషి. బరువైన గంట నోరు పైకెత్తిన చోటు నుంచి పూర్తి చుట్టు తిరిగి మళ్ళీ అక్కడికే రావాలి గనుక దాన్ని కాస్త ముందుకో వెనక్కో జరపగలరు, అంతే. అలా జరుపుకుంటూ ఏడు గంటల క్రమాన్ని మార్చుకుంటూ పోతే 5040 వరుసలు వస్తాయి. ఏ వరుసా రెండోసారి రాకూడదు. చేతిలో కాగితం ఉండదు, అంతా జ్ఞాపకమే. వరుస తిరిగి రాకుండా ముగిస్తే ఆ మోత 'నిజం', వస్తే 'అబద్ధం'. వాళ్ళు వాడే మాటలే అవి.

క్రమాన్ని మలుపు తిప్పడానికి నడిపించే మనిషి అప్పుడప్పుడు ఒక కేక వేస్తాడు. ఒకచోట ఆ కేక తప్పి, కొన్ని వరుసలు మళ్ళీ మోగాయనుకుందాం. గంటలు చక్కగానే ముగిశాయి. చర్చి పక్కనే ఉన్న బజారులో బేరమాడేవారికి ఏ తేడా తెలియదు. తోటివాళ్ళు చెమట తుడుచుకుని సంతోషంగా చేతులు కలుపుకుంటున్నారు. తప్పు సంగతి తెలిసినవాడు అతనొక్కడే. చెప్పాలా?

వినేవారికి లోటు లేనప్పుడు తప్పేమిటి అనవచ్చు. నిజం చెబితే నష్టపోయేది అతనొక్కడే కాదు గదా! పొరపాటు చేయని వాళ్ళ మూడు గంటల శ్రమా పోతుంది. తన మనశ్శాంతికి ఇతరుల చేత వెల కట్టించడం ధర్మమేనా? ఈ వాదనను తేలిగ్గా తోసేయలేము.

కాని వాళ్ళు తాడు పట్టుకున్నది బజారును మెప్పించడానికి కాదు, 'నిజం' అనిపించుకోవడానికి. అతను నోరు మెదపకపోతే వాళ్ళ శ్రమ నిలవదు, దాని స్థానంలో మరొకటి చేతికి వస్తుంది. అది నకిలీ అని తెలుసుకునే హక్కు కూడా వాళ్ళకు లేకుండా పోతుంది. వాళ్ళు మళ్ళీ మోగించాలో మానాలో వాళ్ళే తేల్చుకోవాలి, వాళ్ళ తరఫున అతను కాదు. రికార్డుకెక్కిన మోత అబద్ధమని తర్వాత తేలితే దాన్ని వెనక్కి తీసుకునే ఆచారం ఆ విద్యలో ఉంది.

రవికె లోపలి కుట్టు ఎవరూ చూడరు. అయినా కొందరు దర్జీలు దాన్ని విప్పి మళ్ళీ కుడతారు. ఆలస్యమైందని మనం విసుక్కుంటాం. ఎందుకు ఆలస్యమైందో వాళ్ళు చెప్పరు, మనం అడగం.