బలమునకు పగ్గము



బలవంతులయందు కామరాగములు లేని బలము తానేయని శ్రీకృష్ణ భగవానుడు గీతలోని ఏడవ అధ్యాయమున సెలవిచ్చియున్నాడు. ఇందు రెండు విషయములు గమనింపదగియున్నవి. బలము నింద్యము కాదు, అది భగవద్విభూతి. అయితే ప్రతి బలమును అట్టిది కాదు. కోరికకును, పంతమునకును లొంగిన బలము ఆ గౌరవమునకు నోచుకొనదు. మన బిడ్డలు కర్రసాము, కుస్తీ, కరాటే మొదలగు విద్యలు నేర్చుచున్న ఈ దినములలో ప్రతి గృహస్థుడును ఈ ఉపదేశమును మననము చేయవలసియున్నది.

చీమకుర్తి ప్రాంతము వారికి ఈ సత్యము కనులయెదుటనే కలదు. సంక్రాంతికిని, తిరునాళ్ళకును జరుగు ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీలు చూడనివారు ఈ సీమలో అరుదు. నిర్ణీత కాలములో ఏ జత బండను ఎక్కువ దూరము లాగునో దానిదే గెలుపు. ఒక ఎద్దు ఎంత బలిష్ఠమైనను, జోడు ఎద్దు అడుగు కలుపనిచో కాడి వంకరపోవును; బండ ప్రక్కకు తిరుగును. జత కుదిరినను, మొదటి ఊపులోనే సత్తువయంతయు వ్యయమైనచో కడపటి నిమిషములలో ఎడ్లు డస్సిపోవును. పగ్గము పట్టినవాడు ఇది యెరిగి నడుపవలెను. సాము చేయువాని దేహమున బలము ఒక ఎద్దు. శ్రమకు ఓర్చు దారుఢ్యము రెండవ ఎద్దు. పగ్గము పట్టినది మనస్సు.

చీమకుర్తి గనులలో లభించు, బంగారు చుక్కలు పొదిగినట్లుండు నల్ల గ్రానైటు దేశదేశములకు పోవుచున్నది. ఎంత పెద్ద దిమ్మెయైనను లోపల సన్నని పగులున్నచో దాని వెల పడిపోవును. కండలు తిరిగిన దేహమున దాగియున్న క్రోధమును అట్టి పగులే.

మహాభారతమున సౌప్తికపర్వ కథ ఇందులకు ప్రమాణము. నిద్రించుచున్న పాండవ శిబిరమును రాత్రివేళ సంహరించిన అశ్వత్థామ గంగాతీరమున వ్యాసభగవానుని చెంత పట్టుబడెను. వెనువెంటనే ఒక గడ్డిపోచను చేతబట్టి, పాండవులు నశింతురుగాక యని బ్రహ్మశిరోనామకాస్త్రమును ప్రయోగించెను. శ్రీకృష్ణుని ఆనతిపై అర్జునుడును అదే అస్త్రమును వదలెను. కాని వదలుటకు ముందు అతడు మొదట గురుపుత్రునకు, పిమ్మట తనకును, తన సోదరులకును మేలు కలుగవలెనని కోరి, అస్త్రము అస్త్రమును శమింపజేయుగాక యని సంకల్పించెను. నారద వ్యాసులు లోకరక్షణార్థము ఆ రెండు తేజస్సుల నడుమ నిలిచిరి. అర్జునుడు తన అస్త్రమును ఉపసంహరించెను. అశ్వత్థామ ఉపసంహరింపజాలక, దానిని పాండవస్త్రీల గర్భములపైకి మరలించెను. ఉత్తర గర్భమందలి శిశువును శ్రీకృష్ణ పరమాత్మ రక్షించెను. ఆ శిశువే పరీక్షిన్మహారాజు. శుకయోగి ముఖమున శ్రీమద్భాగవతమును వినిన పుణ్యుడు.

ఇరువురకును గురువు ద్రోణాచార్యుడే. ఇరువురు నేర్చినది ఒకే అస్త్రము. భుజబలమున అశ్వత్థామ తక్కువవాడు కాడు. భేదమంతయు మనస్సునందే యున్నది. బ్రహ్మచర్యవ్రతము, సత్యము, గురుశుశ్రూష కలవాడు గనుకనే అర్జునుడు వెనుకకు తీసికొనగలిగెను. ప్రయోగము నేర్చినవాడు సగము విద్య నేర్చినవాడు. ఉపసంహారము నేర్చినవాడే పూర్ణవిద్యావంతుడు.

హనుమంతుని చరిత్రయు ఇదియే బోధించుచున్నది. లంకను దహించిన పిదప ఆ మహాబలుడు విజయగర్వముతో పొంగిపోలేదు. కోపావేశమున సీతామాతకే ముప్పు తెచ్చితినా యని తనను తాను నిందించుకొని వగచెను. అమ్మ క్షేమమని తెలిసిన పిమ్మటనే ఊరట చెందెను. అంతటివాడే తన కోపమును పరీక్షించుకొనగా మనమెంత?

మన కాలమునకు దగ్గరివాడు, 1882లో శ్రీకాకుళం ప్రాంతమున వీరఘట్టమునందు జన్మించి కలియుగ భీముడని పేరుగాంచిన కోడి రామమూర్తి నాయుడుగారు. ఏనుగును ఎదపై నిలుపుకొనిన ఆ మల్లుడు శాకాహారి, ప్రాణాయామము అభ్యసించినవాడు. శరీరమునకు చుట్టిన ఇనుప గొలుసులను ఊపిరి బిగబట్టి తెంచెడివాడు. కండబలము ఊపిరితోడను, ఊపిరి నిగ్రహముతోడను ముడిపడియుండునని ఆయన జీవితము తెలుపుచున్నది.

కావున తల్లిదండ్రులారా! బిడ్డను సాముకు పంపునపుడు ఎంత బరువెత్తెనని మాత్రమే విచారింపకుడు. ఆహారనిద్రలయందు మితము గీతోపదేశమే. దానిని పాటించుచున్నాడా యని చూడుడు. అలసిన దినమున విశ్రాంతి తీసికొనుట పిరికితనము కాదని చెప్పుడు. ఓడిన దినమున గెలిచినవానికి నమస్కరించునా, గెలిచిన దినమున చేయి ఆపునా, ఇంట తమ్ముడు కవ్వించినపుడు నేర్చిన దెబ్బ వేయక నిలుచునా యని కనిపెట్టుడు. పరీక్ష గోదాలో కాదు, ఆ క్షణముననే జరుగును. అభ్యాసమునకు ముందు భూమాతకును గురువునకును మ్రొక్కి, ముగిసిన పిమ్మట కొంతసేపు కదలక కూర్చుండి నారాయణ నామమును స్మరించు అలవాటు చేయుడు. చేయి ఎత్తుటకు ముందు ఆ నామము మనస్సున మెదలినచో పగ్గము తానుగా బిగియును.

హిరణ్యకశిపుని చీల్చిన కరముతోనే ప్రహ్లాదుని శిరమును నిమిరిన శ్రీ లక్ష్మీనృసింహస్వామి మన బిడ్డలకు బలమును, ఆ బలమును నిలుపుకొను మనస్సును అనుగ్రహించుగాక!